సాగదీసిన సన్మానం

ఆ బుధవారం ఉదయం విశ్వాసం గారు వేసుకున్న ప్రణాళికలో రెండే పనులు ఉన్నాయి. మధ్యాహ్నంలోగా స్టూడియోకు వెళ్ళి పెదవులకూ మాటలకూ పొత్తు కుదుర్చడం మొదటిది. రాత్రి భోజనంలోగా భార్యకూ తనకూ పొత్తు కుదుర్చుకోవడం రెండోది. మొదటిది జరిగితే రెండోది దానంతట అదే జరుగుతుందని ఆయన నమ్మకం. ఏలూరులో మూడు తరాల విద్యార్థులకు ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవారు కనుక, తన నమ్మకాలను తాను ప్రశ్నించే అలవాటు ఆయనకు లేదు.

భార్య విజయకుమారి గారు పక్షం రోజులుగా ఆయనతో నేరుగా మాట్లాడడం లేదు. గిన్నెలు విసరడం, పుట్టింటికి వెళ్ళడం వంటివి ఆవిడ స్వభావంలో లేవు. అన్నీ వేళకు అమరుస్తూనే, మాటలు మాత్రం గోడ గడియారంతో ఆడుతున్నారు.

“కాఫీ చల్లారిపోతోంది,” అన్నారు ఆ ఉదయం గడియారంతో.

“విన్నాను,” అన్నారు విశ్వాసం గారు.

“విన్నవాళ్ళు తాగితే బాగుంటుంది,” అని గడియారానికి చెప్పి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఈ మౌనానికి పుట్టిల్లు సన్మాన సభ. విజయకుమారి గారు ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసినప్పుడు పాఠశాలవారు ఘనంగా సభ జరిపారు. చివరి వక్తలు ఇద్దరు. ఒకరు, భర్త హోదాలో విశ్వాసం గారు. రెండోవాడు కలిదిండి పాపారావు. విజయకుమారి గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కలిదిండి బడిలో ఆవిడ దగ్గర చదివినవాడు; ఇప్పుడు చేపల చెరువుల ఆసామి; ఆనాటి విందంతా తన చేతిమీదుగా నడిపించినవాడు. విశ్వాసం గారు విద్యాతత్త్వాన్ని గూర్చి ఆద్యంతం ఆంగ్లంలో ప్రసంగించారు. ఆ ప్రసంగంలోకి గ్రీసు దేశం వచ్చింది, అచ్చుయంత్రం వచ్చింది, పారిశ్రామిక విప్లవం వచ్చింది. విజయకుమారి గారు మాత్రం రాలేదు.

ఈ లోపం విశ్వాసం గారి దృష్టికి అందలేదు. మైకు గరగరలాడినందువల్ల ప్రసంగంలోని సౌందర్యం భార్యకు వినబడలేదనీ, అందుకే ఆవిడ చిన్నబుచ్చుకున్నదనీ ఆయన నిర్ధారించుకున్నారు. వీడియో సక్రమంగా తయారై, ఆవిడ కుర్చీలో కూర్చుని నిదానంగా వింటే మనసు తప్పక కరుగుతుంది. అందుకు వీడియో సక్రమంగా తయారు కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

వీడియో తీసిన శ్యామ్ సుందర్‌కు పవర్‌పేటలో స్టూడియో ఉంది. అతని కెమెరా బొమ్మను చక్కగా పట్టేది గాని, ధ్వని విషయంలో నెత్తిమీది ఫ్యానునూ చంటిపిల్లలనూ మాత్రమే లక్ష్యపెట్టేది. అందుకని వక్తల మాటలను మైకుసెట్టు నుంచి నేరుగా టేపు రికార్డరులోకి ఎక్కించారు. ఒక్కొక్క వక్త ముగించగానే టేపు ఆపి, మరొకరు లేవగానే మళ్ళీ నడిపించారు. ఆ విధంగా బొమ్మ ఒకచోట, మాట ఒకచోట నిలిచాయి. రెండింటినీ కంప్యూటరులో జతపరచాలి. దానికి విశ్వాసం గారే సభకు ముందుగా ఉపాయం చెప్పారు. ఈ విషయమై ఆయన విజయవాడ నుంచి లావుపాటి ఆంగ్ల గ్రంథమొకటి తెప్పించి చదివి ఉన్నారు. ప్రతి వక్తా నోరు తెరవబోయే ముందు ఒక్క చప్పట కొట్టాలి. బొమ్మలో చేతులు కలిసిన చోటునూ, టేపులో చప్పుడైన చోటునూ ఒకదానికింద ఒకటి ఉంచితే ఇక మాట పెదవిని విడిచి పోదు.

ఆ గ్రంథం రాసిన దొర మన సభలు చూసి ఉండడు. వేదిక మీద ఒక పెద్దమనిషి చప్పట్లు కొడుతూ ఉంటే, ఎదుట కూర్చున్నవాళ్ళు చేతులు ముడుచుకుని చూడడం ఈ ప్రాంతంలో అమర్యాద. మొదటి వక్త ఒక్కసారి కొట్టగానే హాలంతా కొట్టింది. ఎందుకో తెలియకపోయినా వెనుక వరుసలవారు ఇంకాస్త గట్టిగా కొట్టారు. అంత అభిమానానికి వక్త కరిగిపోయి నమస్కారం పెట్టాడు. నమస్కారానికి మళ్ళీ కొట్టారు. సభ ముగిసేసరికి టేపులో ప్రసంగాలకంటే చప్పట్లే ఎక్కువగా ఉన్నాయి. ఏ చప్పట ఎవరిదో ఏరుకోవడం, కొల్లేట్లో ఏ నీటిచుక్క ఏ కాలువదో ఏరుకోవడం వంటిది.

శ్యామ్ సుందర్ నానా అవస్థా పడి తొలి వక్తలను సరిచేశాడు. మొదట్లో పెదవులు ఏలూరులో బయలుదేరితే మాటలు భీమడోలులో అందుకునేవి. ఇప్పుడు అందరికీ కుదిరింది. మిగిలినవి చివరి రెండు ముక్కలు, విశ్వాసం గారివీ పాపారావువీ.

“రండి మాస్టారూ,” అంటూ శ్యామ్ సుందర్ కుర్చీ తుడిచి వేశాడు. “మీ ఇద్దరి ముక్కలూ ఇవేనండి. టేపు నుంచి ఎక్కించేటప్పుడు ముందూ వెనకా అయిపోయాయండి. ఏది ఎవరిదో విని చూసుకోవాలి. మన స్పీకర్లేమో నిన్న పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళి ఇంకా రాలేదు. ఇదిగోండి, చెవులకి పెట్టుకునేవి ఉన్నాయి.”

“పదిమంది చెవులలో తిరిగిన వస్తువును నేను పెట్టుకోను,” అన్నారు విశ్వాసం గారు.

“పోనీ నేను విని చెబుతానండి.”

“అవసరం లేదు. తెరమీద ధ్వనిరేఖ కనబడుతూనే ఉన్నది కదా. శాస్త్రం చెవిని నమ్మదు శ్యామ్ సుందర్ గారూ, రేఖను నమ్ముతుంది.”

తెరమీద రెండు రేఖలు ఉన్నాయి. ఒకదాని మొదట్లో చప్పట్లు నలుగురు మొహమాటానికి కొట్టినట్టు గడ్డిపరకల ఎత్తున ఉన్నాయి. రెండోదాని మొదట్లో మాత్రం గాలివాన నాటి కెరటాల్లా తెర అంచులను తాకుతున్నాయి.

“మీది ఈ చిన్నదేమోనని నా అనుమానం అండి,” అన్నాడు శ్యామ్ సుందర్, నేల చూస్తూ.

విశ్వాసం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. విద్యార్థులకు ఆ సైగ అర్థం బాగా తెలిసేది.

“శ్యామ్ సుందర్ గారూ, ఆ సభలో నేను లేచినప్పుడు హాలు ఎట్లా ఉన్నదో నాకు గుర్తున్నది. అంత పెద్ద చప్పట్లు నాకు గాక చేపల పాపారావుకు కొడతారా? ఆ పెద్దదానిని నా బొమ్మ కింద చేర్చండి.”

ఆ రోజు పాపారావు లేచిన క్షణంలోనే తలుపుల దగ్గర చేపల వేపుడు వాసన వచ్చిందన్న సంగతి విశ్వాసం గారు గమనించి ఉండరు. శ్యామ్ సుందర్ చెప్పబోయి, పెద్దవారితో వాదన ఎందుకని చేర్చాడు.

“ముక్క పొట్టిగా ఉందండి. మీ బొమ్మేమో పొడుగు.”

“అది టేపు దోషం. గ్రంథంలో ఒక అధ్యాయమే ఉన్నది. ధ్వని కురచైనప్పుడు సాగదీయవలెను.”

“సాగదీస్తే గొంతు లావవుతుందండి.”

“నా గొంతు స్వతహాగా గంభీరమే. సాగదీయండి.”

సాగదీశాడు. మిగిలిన పొడుగాటి ముక్క పాపారావు బొమ్మకంటే చాలా ఎక్కువైంది. దానిని అదే సూత్రం ప్రకారం నొక్కాడు. నొక్కితే గొంతు సన్నబడుతుందని చెప్పబోయాడు గాని, పాపారావు గొంతు ఎట్లా ఉంటే ఏమిటని విశ్వాసం గారు చేయి ఊపారు. కరెంటు కోత వేళ దగ్గరపడుతున్నది. ఒక్కసారి మొత్తం వింటే బాగుంటుందని శ్యామ్ సుందర్ మళ్ళీ గొణిగాడు.

“నా ప్రసంగం నాకు కంఠస్థం. సీడీలు చేయండి.”

కరెంటు పోయేలోగా సీడీలు తయారయ్యాయి. విశ్వాసం గారు ఒకటి కలిదిండి బస్సులో పాపారావుకూ, మరొకటి తాడేపల్లిగూడెం బస్సులో బావగారు బాలస్వామికీ పంపించారు. కాలినొప్పివల్ల సభకు రాలేకపోయిన ఆ పెద్దమనిషి విజయకుమారి గారికి స్వయానా అన్న. మూడో సీడీని, ఊళ్ళో జరిగే సభలనూ పెళ్ళిళ్ళనూ సాయంకాలం తన సొంత ఛానెల్‌లో చూపించే కేబుల్ అహ్మద్‌కు ఇచ్చారు. భార్య ఒక్కతే కరిగితే చాలదు. ఊరంతా కరుగుతూ ఉండగా ఆవిడ కరగడంలో ఒక నిండుదనం ఉంటుంది.

సాయంకాలం విశ్వాసం గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చున్నారు. విజయకుమారి గారు కొంచెం దూరంగా బీన్సు తుంచుతూ కూర్చున్నారు. ప్రార్థన అయింది, తొలి వక్తలు అయ్యారు. పెదవులూ మాటలూ కవలపిల్లల్లా కలిసి నడిచాయి. తరువాత తెరమీద కోటు ధరించిన విశ్వాసం గారు లేచారు. చప్పట్లు దద్దరిల్లాయి. ఆయన చిరునవ్వుతో భార్యవైపు ఓరగా చూశారు.

తెరమీది విశ్వాసం గారు కుడిచేయి ఎత్తి, గంభీరమైన, కొంచెం బద్ధకమైన గొంతుతో ఇలా అన్నారు: “అందరికీ నమస్కారమండి. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదండి.”

కుర్చీలోని విశ్వాసం గారు లేచి నిలబడ్డారు.

“తెలుగు కూడా అంతంతమాత్రమేనండి. నేనొట్టి ఎదవనండి. నన్ను మనిషిని చేసింది ఈ అమ్మగారేనండి. ఆవిడ చేతి దెబ్బలు నేను తిన్నట్టు ఇంకెవరూ తిని ఉండరండి. ఇప్పటికీ ఆవిడ కళ్ళెర్రజేస్తే నా కాళ్ళు వణుకుతాయండి.” ఇక్కడ తెరమీది విశ్వాసం గారు, నిజానికి గ్రీసు దేశపు పతనాన్ని వర్ణిస్తూ ఊపిన చూపుడువేలును తన కాళ్ళవైపే చూపినట్టయింది. “కొల్లేరు పొంగిన యేడు మా కొంప మునిగిపోతే ఖాళీ కడుపుతో వచ్చేవోణ్ణండి. అమ్మగారు తన క్యారేజీ నా ముందెట్టి, నాకివాళ ఉపవాసంరా, నువ్వు తినెయ్ అనేవారండి. ఆవిడకి అన్ని ఉపవాసాలు ఎందుకుంటాయో నాకప్పుడు తెలీలేదండి. తెలిసాక ఏడిసానండి. అందుకే మా పెద్ద చెరువుకి ఆవిడ పేరే పెట్టుకున్నానండి.”

విశ్వాసం గారు భార్యవైపు చూడడానికి ధైర్యం చేయలేకపోయారు. అంతలో ఫోను మోగింది. విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యదర్శి.

“విశ్వాసం గారూ, చెరువు ఎప్పుడు కొన్నారండి? మాట మాత్రమైనా చెప్పలేదు! పెద్ద చెరువు అన్నారంటే, చిన్నవి కూడా ఉన్నాయన్నమాట.”

“చెరువూ లేదు, గిరువూ లేదు!”

“అలాగేలెండి, మాకెందుకు. కానీ మన సంఘం అర్జీలన్నీ ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో మీరే రాస్తున్నారు కదండీ... అవి ఎవరిచేత రాయిస్తున్నారు?”

ఫోను పెట్టేసి, చెప్పులు తొడుక్కుని, విశ్వాసం గారు కేబుల్ అహ్మద్‌ను వెతుక్కుంటూ వీధిలోకి పరుగువంటి నడకతో వెళ్ళారు. వీధిలో ప్రతి ఇంటినుంచీ ఆ సాగదీసిన గొంతే వినబడుతున్నది. నాలుగో ఇంటి మేడమీదినుంచి ఒకావిడ చేతులు జోడించింది. “మాస్టారూ, కట్టుకున్న మనిషి గురించి అంత మాట నలుగురిలో చెప్పాలంటే ఎంత గుండె ఉండాలండీ! మా వారికి కూడా చూపించాను.” ఆ వారు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“ఏంటండీ మాస్టారూ మీరు చేసిన పని? హాయిగా భోంచేద్దామని కూర్చున్నాను. నా గురించి నలుగురిలో ఏనాడైనా ఒక్క మాట చెప్పారా అని కంచం లాగేసుకుందండి. మీకేం, మీకు చెరువు ఉంది. నేనేం పేరు పెట్టుకోనండి, స్కూటర్‌కి పెట్టుకోనా?”

మూలమలుపు దాటేసరికి ఇటువంటి కంచాలు ఇంకా మూడు, నాలుగు పోయినట్టు తెలిసింది. ఒక పెద్దమనిషి పైకి నమస్కారం పెడుతూ, పళ్ళ మధ్యనుంచి, “ఆదివారం చర్చిలో కనబడతారుగా,” అన్నాడు.

అహ్మద్ కరెంటు స్తంభానికి వేసిన నిచ్చెన మీద, తెగిన వైరును అతుకుతూ కనబడ్డాడు.

“అహ్మద్ గారూ! ఆపండి! ఆ కార్యక్రమం వెంటనే ఆపండి!”

“మీదే నడుస్తోంది మాస్టారూ!” అన్నాడు అహ్మద్ పైనుంచి ఆనందంగా. “ఒకటే ఫోన్లండి. మళ్ళీ రేపు వెయ్యమంటున్నారు. ఎల్లుండి కూడా.”

“అది పొరపాటు! ఆ మాటలు నావి కావు!”

“మీ నోటంట వస్తుంటే మీవి కాకపోవడమేంటండి? నోరు మీదే, కోటు మీదే. మీరు మొహమాటపడకండి మాస్టారూ. ఇప్పుడు ఆపితే ఆడవాళ్ళు నా వైర్లు కోసి పారేస్తారండి.”

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు విశ్వాసం గారు మనసులో ఒక ప్రకటన తయారు చేసుకున్నారు. అందులో సాంకేతిక లోపం అనే మాట రెండుసార్లు, విచారిస్తున్నాను అనే మాట ఒకసారి వచ్చాయి. రేపే అసలు ప్రసంగం, తగిన వివరణతో ప్రసారమవుతుంది. తన ఆంగ్లం తనకు తిరిగి వస్తుంది.

గుమ్మంలో విజయకుమారి గారు నిలబడి ఉన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఏవండీ,” అన్నారు ఆవిడ. “ఎంత పని చేశారండీ.”

“అదే చెబుతున్నాను. ఇందులో ఒక—”

“ఏం చెప్పకండి. అవి పాపారావు మాటలని నాకు తెలీదా? స్టేజీ మీద నేనూ ఉన్నాగా. మీకు అలా చెప్పడం రాదు. రాదని మీకూ తెలుసు. అందుకని వాడి మాటలు అరువు తెచ్చుకుని, మీ బొమ్మకి పెట్టించుకుని, ఊరందరి ముందూ...” ఆవిడ పమిటచెంగుతో కళ్ళు అద్దుకున్నారు. “పైగా ఇంగ్లీషు రాదని కూడా చెప్పుకున్నారు. మీరు! నా కోసం! కాళ్ళు కడుక్కుని రండి, అన్నం పెడతాను.”

విశ్వాసం గారు నోరు తెరిచారు. ప్రకటన నాలుక చివరన సిద్ధంగా ఉన్నది. జీవితమంతా ఎర్రసిరాతో ఇతరుల తప్పులు దిద్దిన మనిషికి, కళ్ళెదుట అంత పెద్ద తప్పు నిలబడి ఉంటే దిద్దకుండా ఉండడం, వచ్చే తుమ్మును ఆపుకోవడం వంటిది. ముక్కుపుటాలు అదిరాయి కూడా. కానీ ఆవిడ కంచం పెడుతూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఆయన నోరు మూసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

అన్నం సగంలో ఉండగా తాడేపల్లిగూడెం నుంచి ఫోను.

“బావగారూ! బాలస్వామినండి. సీడీ చూశాను. దెబ్బలు తిన్నానని ఒప్పుకున్నారు చూడండి, అక్కడ మా ఇంటిల్లిపాదీ లేచి నిలబడ్డారండి. మా చెల్లి చిన్నప్పుడు నన్ను కూడా బాగా కొట్టేదిలెండి. ఈ మాట ముందే చెప్పుంటే మనం ఎప్పుడో స్నేహితులయ్యేవాళ్ళం.”

“ధన్యవాదాలు బావగారూ,” అన్నారు విశ్వాసం గారు. అంతకుమించి ఆయనకు ఏ భాషలోనూ మాట దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే వీధిలో జీపు ఆగింది. పాపారావు దిగాడు. మెడలో గొలుసు, చేతిలో ఇంకా తోక ఆడిస్తున్న కొర్రమేనుల బుట్ట. లోపలికి రాగానే విశ్వాసం గారి కాళ్ళమీద పడబోయాడు.

“మాస్టారూ, మా ఊళ్ళో రాత్రి ఆ సీడీ పెద్ద టీవీ పెట్టి చూపించానండి. నేను లేచి నోరు తెరిచేసరికి, బాబోయ్, ఒకటే ఇంగ్లీషు! అదీ మామూలుగానా, ఎక్స్‌ప్రెస్సు లాగ! నా గొంతే అనుకున్నానండి ఓ పక్క. ఎప్పుడు మాట్లాడానో నాకే గుర్తు లేదు. మా వోళ్ళు నన్ను రాత్రినించీ మీరు, మీరు అంటన్నారండి. మా ఆవిడ కూడాను!”

“కూర్చో పాపారావూ,” అన్నారు విజయకుమారి గారు నవ్వుతూ. “నీ మాటలు ఆయన తీసుకున్నారు, ఆయన మాటలు నీకిచ్చారు.”

“నా మాటలు తీసుకున్నారా? అదే పదివేలండి. కానీ ఒక చిక్కొచ్చింది మాస్టారూ. వచ్చే సోమవారం ఎగుమతి కంపెనీ దొరలు చెరువులు చూట్టానికి వస్తన్నారు. సంఘం తరపున ఇంగ్లీషులో నన్నే మాట్లాడమంటన్నారండి. నేనెక్కువ అడగను. నేను ముందు నిలబడి పెదాలాడిస్తాను. మీరు తెర ఎనకాల కూర్చుని మాట్లాడండి. రాత్రి బాగా కుదిరింది కదండీ?”

అంతలో గేటు చప్పుడైంది. శ్యామ్ సుందర్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కొత్త సీడీ ఉన్నది.

“క్షమించండి మాస్టారూ. నిన్న కేబుల్‌లో చూసి నాకు గుండాగినంత పనయిందండి. తెల్లారకుండా లేచి సరిచేశాను. ఏ ముక్క ఆ మనిషి కింద పెట్టేశాను. సాగదీసినవీ నొక్కినవీ మామూలు చేశాను. ఇప్పుడు పెదాలూ మాటలూ వెంట్రుకవాసి తేడా లేదండి.” అతడు విజయకుమారి గారివైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. “తప్పు నాదేనండి అమ్మగారూ. ఆ పెద్ద చప్పట్లు పాపారావు గారివని నాకు అనుమానం ఉంది. మాస్టారు నావేనన్నారు, నేనూ వినకుండా అతికించేశాను.”

బుట్టలో కొర్రమేను ఒకటి తపతపలాడింది. విజయకుమారి గారు భర్తవైపు చూశారు. శ్యామ్ సుందర్ పొరబడుతున్నాడని ఒక్క మాట అంటే చాలు. కావాలనే చేయించానని, అతడికి తెలియదని అనవచ్చు. పాపారావు కూడా అదే ఆశతో చూస్తున్నాడు.

విశ్వాసం గారు కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవలేదు.

“అతడు చెప్పింది నిజమే,” అన్నారు. “చప్పట్లు పెద్దవి కనుక నావే అనుకున్నాను. నిన్న నీకు చెప్పవలసింది. నోరు రాలేదు.”

విజయకుమారి గారు లేచి, చేపల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. ముగ్గురు మగవాళ్ళు గోడ కేసి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నీళ్ళ గ్లాసుతో తిరిగివచ్చి భర్త ముందు పెట్టారు.

“నాకు నిన్ననే తెలుసండీ,” అన్నారు.

“తెలుసా? ఎట్లా?”

“మీరు కావాలని చేయించి ఉంటే, ముందు పాపారావు తెలుగు దిద్దించేవారు కాదుటండీ? ఒట్టి ఎదవనండి అని మీ కోటు మీదినుంచి రానిస్తారా? అన్నం దగ్గర కూర్చున్నప్పుడే అర్థమైపోయింది. మీ మొహం, ఎర్రసిరా అయిపోయిన పరీక్షల అధికారి మొహంలా ఉంది.”

“మరి నీవు ఏమీ అనలేదే?”

“మీరేమంటారో చూద్దామని. మీరు అనలేదు.” ఆవిడ కొంగు సర్దుకున్నారు. “పెళ్ళయిన దగ్గరనుంచీ చూస్తున్నాను. పాస్టరు గారి ప్రసంగంలో తప్పుని వదల్లేదు, మా నాన్న శుభలేఖలో తప్పుని వదల్లేదు. నిన్న రాత్రి ఊరంతా మీకు ఇంగ్లీషు రాదనుకుంటుంటే, నేను బాధపడతానని, అంత పెద్ద తప్పుని దిద్దకుండా అన్నంలో కలుపుకుని మింగేశారు. పాపారావు చెప్పింది వాడి మాటండీ. ఇది మీది.”

పాపారావు ముక్కు చీదుకున్నాడు. శ్యామ్ సుందర్ తన చెప్పులవైపు చూసుకున్నాడు. విశ్వాసం గారు గ్లాసు చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నారు. గ్రీసు దేశం ఆయనకు సహాయానికి రాలేదు.

“ఏలూరుకు రాకముందు కలిదిండిలో ఉన్నప్పుడు,” అన్నారు, “నీవు బడినుంచి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేదానివి. ఇంటి ఖర్చు మించుతున్నదని నేను వ్యాఖ్యానించాను. క్యారేజీ సంగతి నాకు నిన్ననే తెలిసింది.”

“సభలో వాడు చెప్పినప్పుడు మీరు వినలేదా?”

“లేదు. నా ప్రసంగం ఎట్లా నడిచిందా అని ఆలోచిస్తున్నాను.”

విజయకుమారి గారు ముందు పెదవి బిగించారు. తరువాత ఆపుకోలేక నవ్వారు. ఆవిడ నవ్వగానే పాపారావు నవ్వాడు, శ్యామ్ సుందర్ నవ్వాడు. చివరకు విశ్వాసం గారు కూడా, అలవాటు తప్పిన పని కనుక ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా, నవ్వు అందుకున్నారు.

“మరి ఈ సరిచేసిన సీడీ ఏం చెయ్యమంటారండి?” అని శ్యామ్ సుందర్ అడిగాడు. “అహ్మద్ గారికి ఇచ్చి రమ్మంటారా?”

“వద్దు. ఆ తప్పుదే ఉండనీయండి,” అన్నారు విశ్వాసం గారు. ఆ వాక్యం ఆయన నోట రావడం అదే తొలిసారి. అది ఆయనకు పూర్తిగా రుచించలేదు గాని, భార్య ముఖం చూసి మళ్ళీ దిద్దలేదు.

“అయితే అది నాకిప్పించండి,” అన్నాడు పాపారావు చేయి చాచి.

సోమవారం తెర వెనుక మాట్లాడడానికి విశ్వాసం గారు ససేమిరా ఒప్పుకోలేదు. తెర ముందే కూర్చుని, పాపారావు తెలుగులో చెప్పినదంతా ఆంగ్లంలో దొరలకు వినిపించారు. అందులో ఒక్క మాట కూడా కలపలేదు, దిద్దలేదు. ఇక సరిచేసిన సీడీ మాత్రం విజయకుమారి చెరువు గట్టున తాడుకు వేలాడుతూ, ఎండకు తళుక్కుమంటూ, చేపపిల్లలకోసం వచ్చే నీటికాకులను తరుముతున్నది. ఆ ప్రసంగం ముందు ఏ పక్షీ ఎక్కువసేపు నిలవలేకపోతున్నదని పాపారావు చెబుతాడు.